పాలమూరు వాడల నుంచి రవీంద్రభారతి దాకా

విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి స్మారకంగా 1961లో ప్రారంభమైన హైదరాబాదు రవీంద్రభారతి, పాలమూరు సీమలోని జడ్చర్ల వంటి ఊళ్ళ నుంచి బెంగళూరు రహదారి మీదుగా నగరం చేరే ప్రేక్షకుడికి కూచిపూడి నృత్యం, సంగీత కచేరీ, పద్యనాటకం ఒకే కప్పు కింద దొరికే చోటు.

అయితే పాలమూరు సీమకు ప్రదర్శనశాల కొత్తది కాదు. జడ్చర్ల సమీపాన గంగాపురంలో కల్యాణి చాళుక్యుల నాటి చెన్నకేశవాలయం ఉంది. ఆ కాలపు గుడులలో గర్భాలయం ముందుండే రంగమండపం, అనగా దేవుని ఎదుట ఆటపాటలకు నెలవైన స్తంభాల మంటపం, ఒక విధంగా నాటి కళామందిరమే. గుడి గడప దాటనివ్వని కులాలు మాత్రం తమ కళను వాడల్లోనే పెంచుకున్నాయి. మాదిగలను ఆశ్రయించి బతికిన చిందువారు ఆడే యక్షగానమైన చిందు భాగవతం అటువంటిది. ఎండిన సొరకాయ బుర్రలను వెదురు దండికి కట్టి, స్వరస్థానాలను సూచించే మెట్లను తేనెమైనంతో అతికించి చేసే పన్నెండు మెట్ల కిన్నెర మరొకటి. డక్కలి కులపు కళాకారులు దానిపై పండుగ సాయన్న వంటి ప్రాంతీయ వీరుల కథలు పాడి, లిఖిత చరిత్ర విస్మరించిన పేదల పక్షపు స్మృతిని కాపాడారు; ఇది ఏ రాజాస్థాన విద్వత్తుకూ తీసిపోని సేవ. ఆ కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది.