తూము తీసేస్తే చల్లబడుతుందా?

ఆగస్టు మధ్యాహ్నం. జపాన్‌లోని ఫుకుషిమా ప్రాంతం, నిహోన్‌మత్సు కొండల మీద ఎబిసు సర్క్యూట్. నువ్వు మినామి కోర్సులో ఉన్నావు. చేతుల్లో పాత నిస్సాన్ సిల్వియా ఎస్13. బోనెట్ కింద రెండు లీటర్ల టర్బో ఇంజిన్, ఎస్‌ఆర్20డీఈటీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే 205 హార్స్‌పవర్. ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఉంది. హెల్మెట్‌లోంచి చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మలుపు దగ్గర క్లచ్‌ను ఒక్కసారి తొక్కి వదులుతావు. వెనక చక్రాలు పట్టు తప్పుతాయి. కారు అడ్డం తిరుగుతుంది. ఇక దారి కనిపించేది ముందు అద్దంలోంచి కాదు, పక్క కిటికీలోంచి. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. ఇంజిన్ నిమిషానికి ఆరు వేల ఐదు వందల చుట్లు దాటి అరుస్తోంది.

స్టీరింగ్ పక్కన బిగించిన నీటి వేడి మీటర్ మీద చూపు పడుతుంది. 98.

తర్వాతి మలుపు. 103.

మెయిన్ స్ట్రెయిట్‌లోకి దూకే చోటు వస్తోంది. ఇక్కడ నేల ఒక్కసారి దిగిపోతుంది, కారు గాల్లోకి లేస్తుంది. అవతల కాంక్రీటు గోడ. కాలు తీస్తే కారు ఎటు పోతుందో తెలియదు. తీయకపోతే ఇంజిన్ ఉడుకుతుంది.

106.

గోడ.

తీయవు. లేస్తావు. పడతావు. స్టీరింగ్ వదిలి పట్టుకుంటావు. గోడ పక్కనుంచి పోతుంది.

109.

చాలు. కాలు తీసెయ్.

పిట్‌లోకి వచ్చేశావు. వేలు తాళం చెవి మీదికి పోతుంది. ఆగు. బోనెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోందా? లేదు. నేల మీద నీళ్లు కారుతున్నాయా? లేదు. అయితే ఇంజిన్ ఆపకు. నీళ్లను తిప్పే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆపితే నీళ్లు నిలిచిపోతాయి. ఇంజిన్ పై భాగం, అంటే హెడ్‌లో ఉన్న వేడంతా నిలిచిన నీళ్లలోకే దిగుతుంది. అదే ఆవిరి కనిపించి ఉంటే, మరో ఆలోచన లేకుండా ఆపేయాల్సిందే. హెడ్, బ్లాక్ రెండూ అల్యూమినియమే. ఒకసారి హెడ్ వంగితే ఆ రెండింటి మధ్య గాస్కెట్ నిలవదు.

హీటర్ పూర్తిగా తిప్పుతావు. ముఖం మీదికి నిప్పులాంటి గాలి. ఊపిరాడదు. అయినా భరించు. డ్యాష్‌బోర్డు వెనక ఉన్న హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. 104. 99. 94. ఇప్పుడు ఆపు.

పక్క కారు కుర్రాడు వచ్చి బోనెట్‌లోకి తొంగిచూస్తాడు. "థర్మోస్టాట్ ఉందా ఇంకా? తీసి పారెయ్. నేను తీసేశాను."

నీ చెయ్యి రేడియేటర్ మూత దగ్గరికి వెళుతుంది. వద్దు! మూత మీద 0.9 అని ముద్ర ఉంది. లోపల అంత ఒత్తిడి ఉండబట్టే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. వంద దాటిన నీళ్ల మీద మూత తిప్పావా, ఒత్తిడి పోతుంది. నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై నీ చేతి మీదికి, ముఖం మీదికి లేస్తాయి. కూర్చో. నీళ్లు తాగు. పై హోస్ పైపు చేత్తో పట్టుకుని నొక్కితే మెత్తగా అణగాలి. అప్పటిదాకా మూత జోలికి పోకు.

అణిగింది. మూత తీసి, నీళ్లు బకెట్‌లోకి దింపి, థర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్ బోల్టులు విప్పుతావు. థర్మోస్టాట్ అరచేతిలోకి వస్తుంది. ఇత్తడి గుండు, ఒక స్ప్రింగ్, ఒక బిళ్ల. ఇంతే. గుండులో మైనం ఉంటుంది. వేడికి కరిగి ఉబ్బి, స్ప్రింగ్‌ను నెట్టి బిళ్లను తెరుస్తుంది. చెరువుకు తూము ఎలాగో ఇంజిన్‌కు ఇది అలాగ. నీళ్లు ఎప్పుడు వదలాలో దానికి తెలుసు, అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు.

ఇది పాడైందేమో చూద్దాం. కుర్రాడి దగ్గర అన్నం వండుకునే గ్యాస్ పొయ్యి ఉంది. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీస్తావు. పక్కన థర్మామీటర్. 60, కదలిక లేదు. 70, లేదు. 76 దాటగానే బిళ్ల అంచున సన్నటి చీలిక. 90కి నోరు పూర్తిగా తెరుచుకుంది.

అంటే తప్పు దీనిది కాదు. ట్రాక్ మీద 109 దగ్గర ఇది ఎప్పుడో తెరుచుకునే ఉంది.

కుర్రాడు ఊరుకోడు. "తెరుచుకున్నా దారికి అడ్డమే కదా!" ఆ మాటలో నిజం ఉంది. తీసేస్తే నీళ్లు ఇంకొంచెం జోరుగా పారతాయి. నీళ్లు జోరుగా పోతే చల్లబడడానికి టైము చాలదని కొందరంటారు. అది ఉత్త మాట. జోరు పెరిగితే రేడియేటర్ వేడిని ఎక్కువే వదులుతుంది. అసలు చిక్కులు వేరే ఉన్నాయి. చాలా ఇంజిన్లలో ఈ వాల్వు తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. వాల్వు లేకపోతే ఆ దారి తెరిచే ఉంటుంది. కొంత వేడినీరు రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. రెండోది ఒత్తిడి. నీళ్లు ఆ ఇరుకులోంచి పోవాలి కాబట్టే చాలా ఇంజిన్లలో హెడ్ చుట్టూ ఒత్తిడి నిలుస్తుంది, సెగ తగిలే చోట ఆవిరి బుడగలు కట్టవు. అందుకే థర్మోస్టాట్ తీసేసే రేసర్లు కూడా ఆ చోటు ఖాళీగా వదలరు, రంధ్రం ఉన్న బిళ్ల ఒకటి పెడతారు.

మరి వేడి ఎక్కడ ఆగిపోతోంది? బంపర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూడు. మొదట టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్. దాని వెనక రేడియేటర్. రెండు పక్కలా చెయ్యి దూరేంత సందులు. ముక్కులోంచి వచ్చిన గాలికి రేడియేటర్ రెక్కల్లో దూరే కష్టం ఎందుకు? సందుల్లోంచి జారిపోతోంది. వెనక ఎలక్ట్రిక్ ఫ్యాను నేరుగా రేడియేటర్‌కు బిగించి ఉంది, చుట్టూ డొప్ప లేదు. అది లాగేది తన గుండ్రం మేరకే, నాలుగు మూలల్లో గాలి కదలదు. పైగా ఇలా అడ్డంగా జారే డ్రిఫ్ట్‌లో కారు ముక్కు ఒకవైపు, పోయేది ఇంకోవైపు. వేగం తక్కువ, ఇంజిన్ చుట్లు ఎక్కువ. నీకు కరువు గాలికి. నీళ్లకు కాదు.

ఇప్పుడు నిర్ణయం నీది. అరచేతిలో థర్మోస్టాట్, ముందు ఖాళీ హౌసింగ్.

పెట్టెయ్. గాలి పోయే చిన్న వాల్వు పైకి ఉండేలా పెట్టి, అంచుకు పల్చగా సీలెంట్ రాసి బిగించు. సీలెంట్ ఆరేలోపు అల్యూమినియం రేకు కత్తిరించి సందులు మూయి. మిగిలిన చోట స్పాంజి కుక్కు. ఫ్యాను చుట్టూ రేకుతోనే డొప్ప కట్టు. సాయంత్రానికి చేతుల నిండా గాట్లు. నీళ్లు మెల్లగా పోస్తూ, హీటర్ తెరిచి, బుడగలు ఆగేదాకా గాలి వదిలించు. లోపల చిక్కిన గాలి కూడా ఇంజిన్‌ను ఉడికిస్తుంది.

మళ్లీ వరుసలోకి. నీ ముందు నాలుగు కార్లు. ఫ్యాను తిరుగుతోంది, మీటర్ దిగుతోంది. 88. 82. 80 దగ్గర ఆగింది. థర్మోస్టాట్ లేని కుర్రాడి కారులో మీటర్ ఇంకా దిగుతూనే ఉంటుంది. అప్పుడు ఇంజిన్ కంప్యూటర్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆయిల్ చిక్కగానే ఉంటుంది. ఆ ఇంజిన్‌తోనే గోడ వైపు దూకాలి.

జెండా ఊగింది.

క్లచ్. అడ్డం. 91.

రెండో మలుపు. 96.

దూకే చోటు. 99.

గోడ. 101. అక్కడే ఆగింది.

ఇంకో రౌండుకు పో. కానీ 105 కనబడితే మాత్రం కాలు తీసెయ్. ఆ పని నీ బదులు ఏ వాల్వూ చెయ్యదు.