పట్టుదారము, సీసపు తీగ, రాతి ఈగ

హిందూపురము మార్కెటులో రాశులు పోసిన పట్టుగూళ్లను చూచినప్పుడు మనకు ధర్మవరము చీరెలు గుర్తుకు వచ్చును. ఈ పట్టుపురుగే ఒక కాలమున ఐరోపాలో చేపలు పట్టువారికి కూడ ముఖ్యమైన సరకును ఇచ్చినదని చాలమంది ఎరుగరు. చీరె నేయు పట్టుకును, చలి ఏటిలో ట్రౌటు చేపను మోసగించు కృత్రిమ ఈగకును గల సంబంధము తెలిసికొనదగినది.

మన చెరువులలో గాలమునకు వానపామునో, పిండిముద్దనో గుచ్చుట వాడుక. ట్రౌటు చేపలకు ముఖ్యమైన ఆహారము నీటి పురుగులు. అవి చాల సుకుమారమైనవి. గాలమునకు గుచ్చిన నిలువవు. అందుచేత ఉన్నితోను, ఈకలతోను పురుగు రూపమును గాలము మీదనే కట్టు విద్య పుట్టినది. మాసిడోనియాలో ఎర్రని ఉన్నిని గాలమునకు చుట్టి, కోడి ఈకలు కట్టి చేపలు పట్టుచుండిరని సుమారు 1800 ఏండ్ల క్రిందట ఈలియన్ అను రచయిత వ్రాసినాడు. పెనుకొండ విజయనగర రాజ్యములో ముఖ్య దుర్గముగా ఉన్న రోజులలో, అనగా 1496లో, ఇంగ్లండులో గాలపు విద్యను గురించి ఒక గ్రంథము అచ్చయినది. అందులో చెప్పిన పండ్రెండు కృత్రిమ ఈగలలో ఒకటి స్టోన్‌ఫ్లై. దానిని మనము రాతి ఈగ అందము.

ఈ పురుగు రెక్కలు వచ్చిన పిమ్మట జీవించునది కొద్ది రోజులే. అంతకుముందు శాబక దశలో అది ఏటి అడుగున రాళ్ల సందులలో ప్రాకుచుండును. తోక వైపు రెండు పోగులు, కాలికి రెండేసి గోళ్లు ఉండుట దీని గుర్తు. అమెరికా పడమటి ఏళ్లలోని పెద్ద జాతి రాతి ఈగల శాబకములు మూడు, నాలుగేండ్లు నీటిలోనే పెరుగును. కాబట్టి చేపకు ఏడాది పొడుగునా దొరకునది రెక్కల ఈగ కాదు, అడుగున ప్రాకు శాబకమే.

ఇక్కడనే చిక్కు వచ్చినది. ఉన్నిలోను, ఈకలలోను గాలి చిక్కుకొని ఎర తేలును. ఏటి పైభాగమున ప్రవాహము వడిగాను, అడుగున రాళ్ల రాపిడివలన నెమ్మదిగాను ఉండును. ఆ వడిని దాటి ఎర అడుగునకు చేరవలెనన్న బరువు కావలెను. సీసము నీటికంటె 11 రెట్లకు పైగా, రాగి సుమారు 9 రెట్లు సాంద్రమైనవి. కట్టు విధము ఇది: గాలపు కాడకు సీసపు తీగను చుట్టుదురు. దానిపై మైనము పూసిన పట్టుదారముతో బిగించి, తోకకు బాతు ఈక పోగులు, దేహమునకు బొచ్చు, కాళ్లకు కోడి ఈక కట్టుదురు.

ఇంగ్లండులో జి. ఇ. ఎం. స్క్యూస్ 1910లో ప్రకటించిన పుస్తకముతో నీటిలోపల శాబకమును అనుకరించు పద్ధతికి ప్రచారము వచ్చినది. ఏవన్ నదికి కాపరియైన ఫ్రాంక్ సాయర్ పట్టుదారమును పూర్తిగా మాని, సన్నని రాగితీగతోనే మరొక జాతి పురుగు శాబకమును కట్టినాడు. కట్టునదియు, బరువిచ్చునదియు ఆ తీగయే. ఆయన పుస్తకము 1958లో వెలువడినది. అమెరికాలోని మోంటానాలో చార్లెస్ బ్రూక్స్ నీటిలో మునిగి శాబకముల నడకను పరిశీలించినాడు. ప్రవాహములో ఎర దొర్లినప్పుడు వెన్ను, కడుపు వేరువేరుగా కనిపించిన చేప బెదరునని తలచి, అన్ని వైపుల ఒకే తీరున కనపడునట్లు రాతి ఈగను కట్టినాడు.

పట్టు ఈగను కట్టుటకే కాదు, గాలపు త్రాటి చివరకును వాడబడినది. గూడు కట్టబోవు పండిన పురుగునుండి పట్టు గ్రంథులను తీసి, వినిగరులో నానవేసి, సాగదీసిన సన్నని గట్టి పోగు వచ్చును. నీటిలో అది చేప కంటికి ఇంచుమించు కనపడదు. స్పెయిన్ దేశపు ముర్సియా ఈ పరిశ్రమకు ప్రసిద్ధి. 1938లో నైలాన్ ప్రకటింపబడినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము కొన్ని ఏండ్లలోనే నైలాన్ పోగు పట్టు పోగును తరిమివేసినది. తరతరములుగా ఆ పనిమీద బ్రతికినవారి నేర్పు అక్కరలేనిదైనది.

మరి పెన్న, చిత్రావతులలో ట్రౌటు ఎందుకు లేదు? ఇది చలినీటి చేప. నీరు 25 డిగ్రీలు దాటినచో దానికి ప్రాణాపాయము. లీటరు నీటిలో 10 డిగ్రీల వద్ద 11 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరగును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. అనంతపురము జిల్లావలెనే నీలగిరులు కూడ ఆనాడు మద్రాసు రాజధానిలోనివి. 1860 దశకములో ఫ్రాన్సిస్ డే అక్కడ ట్రౌటును ప్రవేశపెట్టుటకు చేసిన యత్నము విఫలమైనది. 1906-07లో హెచ్. సి. విల్సన్ అవలాంచి వద్ద గ్రుడ్లు పొదిగించి జయము పొందినాడు. మన మైదానములలో గాలము వేయు దొరలకు చెరువులే గతి. హెచ్. ఎస్. థామస్ 1887లో చెరువుల గాలమును గురించియే ఒక పుస్తకము వ్రాసినాడు.

సీసమునకును చివరకు గడ్డుదినములు వచ్చినవి. నీట పడిన సీసపు గుండ్లను మ్రింగి హంసలు చచ్చుటచేత, బ్రిటనులో 1987నుండి చిన్న సీసపు గుండ్ల అమ్మకము నిషేధింపబడినది. విషము లేని టంగ్‌స్టన్ పూసలు నేడు గాలపు ఈగలకు బరువునిచ్చుచున్నవి. రాతి ఈగ శాబకము మురికి నీటిలో బ్రతుకలేదు. అది కనపడుట నీటి శుద్ధికి సాక్ష్యమని శాస్త్రజ్ఞులు ఎంచుదురు.

గాలమునకు కావలసినది పోగు బలము మాత్రమే. అంతకంటె బలమైనది రాగానే పట్టు ఓడినది. చీరెకు నిగ్గు, మెత్తదనము, రంగు పట్టు గుణము కూడ కావలెను. అందుచేత ధర్మవరము మగ్గముపై పట్టు నిలిచినది. ఒక్క గుణముపై ఆధారపడిన పరిశ్రమ ఒక్క కొత్త వస్తువుతో కూలగలదని ముర్సియా చెప్పుచున్నది. హిందూపురము వద్ద కిరికెరలో పట్టుపురుగులపై పరిశోధన సాగించు సంస్థ కలదు. పట్టుకు గల ఇతర గుణములను వెదకి, వాటికి కొత్త ఉపయోగములు కనుగొనుట రైతుకును, నేతగానికిని రక్ష.