పేరు పెట్టు హక్కు: సబ్‌డొమైను పూర్వకథ

సొంత వెబ్‌సైటు గలవారు నేడు తమ అద్దె సర్వరు కంట్రోల్ ప్యానెల్ తెరచి, ఒక గడిలో 'లైబ్రరీ' వంటి మాట వ్రాసి బటను నొక్కినచో, వారి డొమైను పేరునకు ముందు ఆ మాట చేరి ఒక సబ్‌డొమైను ఏర్పడును. అందుకు పైవారి అనుమతి అక్కరలేదు. ఈ స్వేచ్ఛ మొదటినుండి ఉన్నది కాదు.

1969లో అమెరికాలో ప్రారంభమైన అర్పానెట్‌లో కంప్యూటర్లకు అంకెలే చిరునామాలు. అంకెలు మనుష్యులకు జ్ఞాపకముండవు గదా! కావున ప్రతి యంత్రమునకు ఒక పేరు పెట్టిరి. ఏ పేరునకు ఏ అంకెయో తెలుపు జాబితాను కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ నిర్వహించుచుండెను. అచ్చటి సమాచార కేంద్రమునకు ఎలిజబెత్ ఫైన్లర్ అధిపతి. కొత్త పేరు కావలసినవారు ఆఫీసు వేళలలో ఆ కేంద్రమునకు టెలిఫోను చేసెడివారు. తక్కినవారందరు ఆ జాబితాను ఎప్పటికప్పుడు నకలు తీసికొనెడివారు.

యంత్రములు కొలదిగా ఉన్నంతకాలము ఇది చక్కగా సాగెను. తరువాతి లెక్క చూడుడు. యంత్రములు రెట్టింపైనచో జాబితా పొడవు రెట్టింపగును; నకలు తీసికొనువారును రెట్టింపగుదురు. వెరసి తీగలపై బరువు నాలుగు రెట్లు! యంత్రములు పది రెట్లయినచో బరువు నూరు రెట్లు. అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఒక విశ్వవిద్యాలయము తన గదిలోని తన యంత్రము పేరునే మార్చుకొన్నను, మెన్లో పార్కు జాబితాకు ఎక్కువరకు అది లోకమునకు తెలియదు. ఒకరు పెట్టుకొన్న పేరు వేరొకరు పెట్టుకొనరాదు. జిల్లా అంతటికి ఒక్కడే రామయ్య ఉండవలెనన్నట్లుండెను!

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధనాలయములో జాన్ పోస్టెల్ ఈ సమస్యను పాల్ మొకపెట్రిస్‌కు అప్పగించెను. 1983 నవంబరులో మొకపెట్రిస్ పథకము వెలువడెను. ఆయన చేసినది జాబితాను పెంచుట కాదు, పంచుట. పేర్లన్నియు ఒక చెట్టు. వేరు వద్ద నున్నవారికి పెద్ద కొమ్మలు ఎవరి అధీనమో మాత్రమే తెలియును. ఆ కొమ్మవారికి తమ రెమ్మల సంగతి తెలియును. ఒక డొమైను పొందినవాడు దాని క్రింద తనకు నచ్చిన పేర్లు పెట్టుకొనవచ్చును. వానిలో ఒకదానిపై పెత్తనమును మరియొకరికి అప్పగింపవచ్చును. చుక్కల మధ్యనుండు ఒక్కొక్క ముక్క 63 అక్షరములు మించరాదు. ఉత్తరముపై విలాసమువలె చిన్నది ముందు, పెద్దది వెనుక వచ్చును. ఇంటిపేరు ముందు చెప్పు మనకిది తిరగవేసినట్లు తోచును.

అయితే పేరు పుట్టినంతనే వెబ్‌సైటు పుట్టదు. తొలినాళ్లలో బ్రౌజరు అంకెను బట్టి సర్వరును చేరెడిదే గాని, ఏ పేరు కొరకు వచ్చినదో చెప్పెడిది కాదు. అందుచే ఒక్కొక్క సైటునకు ఒక్కొక్క అంకె కావలసి వచ్చెడిది. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 నియమావళి, బ్రౌజరు ఆ పేరు చెప్పి తీరవలెనని విధించెను. దానితో ఒకే అంకెపై వందలకొలది సైట్లు నిలుపుట సులభమయ్యెను. సీప్యానెల్ అను కంట్రోల్ ప్యానెల్ పుట్టినది అంతకు ముందటి సంవత్సరము, 1996లో. నేడు మనము బటను నొక్కినపుడు అది రెండు పనులు చేయును: పేర్ల పట్టికలో ఒక పంక్తి చేర్చును, ఆ పేరు చెప్పి వచ్చినవారికి ఏ ఫోల్డరు చూపవలెనో సర్వరునకు తెలుపును.

ఈ రెండు పనులు వేరువేరు చోట్ల జరుగుచున్నపుడు ఒక ప్రమాదము కలదు. సబ్‌డొమైనును వేరొక కంపెనీ సర్వరుపై నడపి, పిమ్మట ఆ అద్దె మానుకొని, పట్టికలోని పంక్తిని మాత్రము తుడువ మరచువారు కలరు. అచ్చట ఖాళీయైన స్థలమును మరియొకడు తీసికొన్నచో, ఆ సంస్థ పేరుతోనే తన పుటలను లోకమునకు చూపగలడు. వేరు వద్ద నున్నవారు దీనిని సరిదిద్దలేరు. ఆ పంక్తి డొమైను యజమాని చేతిలో నున్నది.