ఉప్పు మూట - పోలీసు చీటీ

వేటపాలెం అనగానే జీడిపప్పో, నేతచీరో, 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయమో గుర్తొస్తాయి. అక్కడ రైలెక్కి చీరాల మీదుగా బాపట్లకు పోతుంటే దారిలో స్టూవర్టుపురం తగుల్తుంది. ఆ పేరు వినగానే జేబు తడుముకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పాపం, ఆ ఊరి కథ దొంగతనంతో కాదు, బేరంతో మొదలైంది.

ఎరుకలవారిలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని తెగలున్నాయి. ఏం అమ్ముకుని బతికారో పేర్లే చెబుతున్నాయి కదా! ఉప్పు ఎరుకలవారు కోస్తా కొటార్లలో ఉప్పు కొని, ఎడ్లమీదా గాడిదలమీదా వేసి, బండిదారి లేని మెట్ట ఊళ్లకు చేర్చేవారు. వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఉప్పుమీద సర్కారు పట్టు బిగిసింది. అడవి చట్టాలొచ్చి పశువులకు మేత కరువైంది. ఆపైన రైళ్లు! రైలుతో గాడిద ఏం పోటీ పడుతుంది?

బేరం పోయింది, తిరుగుడు మిగిలింది. మూట లేకుండా తిరిగేవాడంటే పోలీసుకు అనుమానమే. దొంగతనం చేసినవాళ్లు లేరని కాదు. కాని 1911 నాటి నేరస్థ జాతుల చట్టం దొంగను వదిలి జాతి మొత్తాన్ని పట్టుకుంది. వేలిముద్రలు, రోజూ హాజరు, ఊరు దాటితే చీటీ. సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఇక్కడ సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు దొరగారి పేరు దానికి పెట్టారు.

శాంతిభద్రతలుంటే వ్యాపారం పెరుగుతుందంటారు. నిజమేననుకోండి. ఇక్కడ మాత్రం ముందు ఎరుకలవారి వ్యాపారం పోయింది, తర్వాత పోలీసు వచ్చాడు, ఆ తర్వాత ఇంకొకరి వ్యాపారం పెరిగింది. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలు కావాలి; సెటిల్మెంటులో మనుషులున్నారు. కూలి చాలలేదని లేచి పోదామంటే చీటీ కావాలి! అటువంటి కూలీ దొరికితే ఏ కంపెనీకి చేదు?

1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని చీరాల-పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరే ఖాళీచేసి రామనగరంలో పాకలేసుకున్నారు. వీరులని దేశం మెచ్చుకుంది. పక్కనే ఉన్న సెటిల్మెంటువాడు అలా ఊరు విడిస్తే నేరం.

1952లో చట్టం రద్దయింది. హేమలతా లవణం, లవణంగార్లు స్టూవర్టుపురంలో సంస్కరణకు పూనుకున్నది 1970లలో. చట్టం పోయి ఇరవై ఏళ్లు దాటినా ఊరికి ఆ పేరు పోలేదు.