పట్టేసిన కీళ్లు, పట్టు తెలిసిన చేతులు

1736లో లండన్ జనం నోళ్లలో నానిన సారా మ్యాప్‌కు వైద్య పట్టా లేదు. ఎముకలు సరిచేసే పని ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఎప్సమ్ నుంచి గుర్రబ్బండిలో లండన్ వచ్చి, ఒక కాఫీ హౌస్‌లో రోగుల్ని చూసేది. వైద్యుల మీద ఆ రోజుల్లోనే చిత్రకారుడు హోగార్త్ వేసిన వ్యంగ్య చిత్రంలో పైవరుస నడుమ ఉన్నది ఆమే.

ఎముకల వైద్యం అనగానే మనకు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. అది విరిగిన ఎముకను కదలకుండా నిలిపే విద్య. సారా లాంటి ఇంగ్లండ్ బోన్‌సెట్టర్లు కూడా కట్లు కట్టేవారు కానీ, వాళ్ల దగ్గరికి జనం బారులు తీరింది బిగుసుకుపోయిన మోకాలినో మణికట్టునో మళ్లీ కదిలిస్తారని.

డాక్టర్లకు వీళ్లంటే గిట్టేది కాదు. అయినా తాము నయం చేయలేకపోయిన కొందరు బోన్‌సెట్టర్ దగ్గర బాగుపడుతుంటే కాదనడం ఎలా? అలాంటి కేసుల గురించే 1867లో ప్రఖ్యాత సర్జన్ జేమ్స్ పేజెట్ ఉపన్యాసమిచ్చాడు. వాళ్ల పనిలో చెడును వదిలి మంచిని నేర్చుకోమని తోటివారికి చెప్పాడు.

నేర్చుకున్నవాడు వార్టన్ హుడ్. రిచర్డ్ హట్టన్ అనే లండన్ బోన్‌సెట్టర్ జబ్బుపడినప్పుడు హుడ్ తండ్రి ఫీజు తీసుకోకుండా వైద్యం చేశాడు. ఆ మేలుకు బదులుగా హట్టన్ తన విద్యంతా చూపిస్తానన్నాడు. తండ్రికి బదులు కొడుకు వెళ్లాడు. ఎముక పక్కకు తప్పిందని బోన్‌సెట్టర్లు రోగులకు చెప్పేవారు. హుడ్‌కు అది నిజమనిపించలేదు. గాయం తర్వాత ఎక్కువకాలం కదపకపోవడంతో కీలు చుట్టూ కణజాలం అతుక్కుంటుందనీ, ఆ అతుకులు విడితే నొప్పి తగ్గుతుందనీ 1871లో లాన్సెట్ పత్రికలో రాశాడు. చెప్పే కారణం తప్పయినా కలిగే ఉపశమనం నిజమేనని ఒప్పుకోవడానికి ఆ రోజుల్లో ఒక డాక్టరుకు చాలా ధైర్యం కావాలి. ఎక్కువగా చేతి నుంచి చేతికి అందుతూ వచ్చిన విద్య అలా అచ్చులోకి వచ్చింది.

చేతులతో కీళ్లు కదిలించే ఈ వైద్యానికి అసలు మలుపు మాత్రం అడిలైడ్‌లో వచ్చింది. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ జెఫ్రీ మైట్‌లాండ్ 1964లో వెన్నెముక వైద్యంపై పుస్తకం వెలువరించాడు. ఆయన పద్ధతిలో కదలికకు నాలుగు స్థాయిలు. కదలిక మొదట్లోనే చేసే చిన్న ఊపు మొదటిది. బిగువు తగలకముందే ఆగే పెద్ద ఊపు రెండోది. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి ఈ రెండే. మూడూ నాలుగూ బిగువు దాకా వెళ్తాయి, పట్టేసిన కీళ్ల కోసం. ఒక్క విసురులో పని ముగించే పాత పద్ధతిలో రోగికి వద్దనే వ్యవధి ఉండదు. ఈ నెమ్మదైన ఊపుల్లో ఎక్కడైనా ఆపమనవచ్చు. ఊపు తర్వాత ఊపు, మధ్యలో మళ్లీ పరీక్ష.

1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలను అడ్డుకోగలవని ప్రతిపాదించారు. ఈ ఊపులతో వచ్చే ఉపశమనానికి నాడీ వ్యవస్థే ప్రధాన కారణమన్న నేటి ఆలోచనకు అదొక పునాది. ఆ ఉపశమనం తరచుగా కొద్దికాలమే ఉంటుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016 మార్గదర్శకాలు కూడా నడుంనొప్పికి చేతులతో చేసే ఈ వైద్యాన్ని విడిగా ఇవ్వొద్దని, ఇస్తే వ్యాయామంతో కలిపే ఇవ్వాలని చెప్పాయి.