ఇంటి వీడియో భాండాగారానికి తగిన యంత్రం

ఇంటిలో ఒక మూల ఉంచిన చిన్న కంప్యూటరులో సినిమాలు, పెళ్ళి వీడియోలు, పిల్లల నాటకాలు అన్నీ భద్రపరచి, వాటిని హాలులోని టెలివిజనులోను, చేతిలోని ఫోనులోను, పొరుగూరికి వెళ్ళినప్పుడు ఇంటర్నెట్ ద్వారాను చూచుకొనే ఏర్పాటు ఇప్పుడు చాలామందికి పరిచితమే. దీనినే హోమ్ సర్వర్ అంటారు. భద్రపరచడం కష్టం కాదు. ఒక పెద్ద డిస్కు చాలును. చిక్కంతా పంపిణీలో ఉన్నది. డిస్కులోని వీడియో ఒక సంకేత పద్ధతిలో ఉండగా, చూచేవారి టెలివిజను మరొక పద్ధతిని మాత్రమే ఎరిగి ఉండవచ్చును. లేదా ఇంటర్నెట్ మార్గం ఇరుకై, అంత పెద్ద వీడియో దానిలో పట్టకపోవచ్చును. అప్పుడు సర్వరు ఆ వీడియోను చదివి, అది నడుస్తూండగానే మరొక సంకేతంలోకి తిరగరాసి పంపవలెను. ఈ తిరగరాతకే ట్రాన్స్‌కోడింగ్ అని పేరు.

ఇందుకు ఏ యంత్రం కొనవలెను? ధర ఎక్కువైన, బలమైన ప్రాసెసరు అన్నది సామాన్యంగా వచ్చే సమాధానం. 2011కు పూర్వం అది సరియైనదే. తరువాత ఎందుకు చెల్లకుండా పోయినదో తెలియాలంటే, వీడియోను కుదించే విద్య పుట్టిననాటి నుండి చూడవలసి ఉన్నది.

1982లో టెలివిజను బొమ్మను అంకెలుగా మార్చడానికి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడినది. ఆ లెక్కన మన దేశపు టెలివిజను బొమ్మలో 576 వరుసలు, వరుసకు 720 చుక్కలు, సెకనుకు 25 బొమ్మలు. చుక్కకు 16 బిట్ల చొప్పున సెకనుకు సుమారు 16.6 కోట్ల బిట్లు అవుతవి. 1996లో వచ్చిన డి.వి.డి. ఒక పొరలో 470 కోట్ల బైట్లు పట్టును. కుదింపు లేకుండా నింపినచో దానిలో నాలుగు నిమిషాల బొమ్మ కూడ పట్టదు. మన సినిమాలలో పేర్లు పడడం పూర్తి కాకముందే డిస్కు అయిపోవును!

దీనికి ఉపాయం అంతకు ముందే సిద్ధమై ఉన్నది. బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్ అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, బొమ్మలోని చుక్కలను కొసైన్ తరంగాల మొత్తంగా వ్రాయవచ్చునని భావించి, 1972లో పరిశోధనకు ధనసహాయం కోరుతూ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టారు. భావం మరీ సులభంగా ఉన్నదని ఒక పరిశీలకుడు అభిప్రాయపడగా, సహాయం అందలేదు. ఆయన పని మానలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడైన కె. ఆర్. రావు గార్లతో కలిసి 1974 జనవరిలో ఆ ఫలితాన్ని ప్రకటించారు. ఈ రావుగారు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1952లో ఇంజనీరింగు పట్టం పొందినవారు. వారి పేరు మనవారిలో ఇంకా ఎక్కువమందికి తెలియవలసి ఉన్నది.

ఆ పద్ధతి ఇటువంటిది. చీర అంచును వర్ణించవలసి వస్తే ఒక్కొక్క పోగు రంగు చెప్పనక్కరలేదు. ఇంత వెడల్పు చార, ఇంత గడి, నడుమ ఇంత బుటా అంటే నేతగానికి చాలును. అలాగే 8 వరుసలు, 8 నిలువులు గల చుక్కల గడిని 64 రకాల చారల మిశ్రమంగా చెప్పుతారు. వానిలో మరీ సన్నని చారలను మన కన్ను అంతగా పట్టించుకొనదు. వాటిని ముతకగా చెప్పినా, విడిచినా నష్టం కనబడదు.

రెండవ ఉపాయం కదలికకు సంబంధించినది. ఒక బొమ్మకు, దాని తరువాతి బొమ్మకు తేడా కొద్దిగానే ఉండును. కాబట్టి బొమ్మను 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పు గల గడులుగా విభజించి, ఏ గడి ఎంత జరిగినదో చెప్పి, మిగిలిన తేడాను మాత్రం వ్రాస్తారు. జరిగిన చోటు వెదకడమే ప్రయాస. నలుదిక్కులా 16 చుక్కల దూరం వరకు వెదికితే ఒక గడికి 1,089 స్థానాలు. ప్రతి స్థానంలోను 256 తీసివేతలు. డి.వి.డి. బొమ్మలో 1,620 గడులు ఉన్నవి. సెకనుకు 25 బొమ్మలకు గుణిస్తే 1,100 కోట్లకు పైగా తీసివేతలు! అడ్డదారులు వెదకి ఈ సంఖ్యను బాగా తగ్గిస్తారు గాని, తగ్గినదీ పెద్దదే. చదివేవానికి ఈ శ్రమ లేదు. గడి ఎక్కడినుండి వచ్చినదో వ్రాసియే ఉన్నది. తెచ్చి అతికించడమే వాని పని. వీడియోను చదవడం తేలిక, వ్రాయడం కష్టం. ట్రాన్స్‌కోడింగులో రెండూ చేయవలెను.

ఈ రెండు ఉపాయాల మీదనే ప్రమాణాలు వరుసగా వెలసినవి. దూరదర్శన సంభాషణలకై 1990 నాటికి హెచ్.261, వీడియో సి.డి.లకు 1993లో ఎంపెగ్-1, డి.వి.డి.కి ఎంపెగ్-2, 2003లో హెచ్.264, 2013లో హెచ్‌ఇవిసి. ప్రమాణం చదివే విధానాన్ని మాత్రమే నిర్ణయించును. వ్రాసే విధానం తయారీదారుల నేర్పుకు విడిచిపెట్టినారు. ఒకే ప్రమాణంలో, ఒకే పరిమాణంలో వ్రాసిన రెండు వీడియోలలో ఒకటి స్ఫుటంగాను మరొకటి మసకగాను ఉండడానికి కారణమిదే.

మొదట ఈ గుణకారాలు, తీసివేతలు సాధారణ ప్రాసెసరు మీదనే పడినవి. 1997లో ఇంటెల్ కంపెనీ తన పెంటియంలో ఎంఎంఎక్స్ అనే ఆజ్ఞలను చేర్చినది. ఒక్క ఆజ్ఞతో ఎనిమిది చిన్న సంఖ్యలపై ఒకేసారి పని జరుగును. 2013లో వచ్చిన ఏవీఎక్స్2 నాటికి అది 32 సంఖ్యలకు పెరిగినది. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ప్రారంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఇటువంటి ఆజ్ఞలను చక్కగా వాడుకొని, నేటి హోమ్ సర్వర్లకు వెన్నెముక అయినది. కాని భారం తగ్గలేదు. ప్లెక్స్ అనే ప్రసిద్ధ సర్వరు సాఫ్ట్‌వేరు వారి సూచన ప్రకారం, మామూలు హెచ్.డి. వీడియోను తిరగరాయడానికి ప్రాసెసరు వేగ పరీక్షలో 2,000 మార్కులు కావలెను. వర్ణవిస్తృతి ఎక్కువైన 4కె వీడియోకు 17,000. ముగ్గురు ఒకేసారి చూస్తే ఇక చెప్పనక్కరలేదు.

2011 జనవరిలో కథ మలుపు తిరిగినది. ఇంటెల్ తన ప్రాసెసరు చిప్పులోనే, వీడియోను చదివి వ్రాయడం తప్ప మరేమీ ఎరుగని ఒక చిన్న వలయాన్ని క్విక్ సింక్ అనే పేరుతో అమర్చినది. మరుసటి సంవత్సరం ఎన్‌విడియా తన గ్రాఫిక్స్ కార్డులలో ఎన్‌వెంక్ అనే వలయాన్ని పెట్టినది. వెనుక వందల కోట్ల లెక్కలతో సతమతమైన పనిని ఈ వలయాలు కొద్దిపాటి విద్యుత్తుతో చేయసాగినవి. తొలినాటి వలయాలు వ్రాసిన బొమ్మ, నిదానంగా పనిచేసే సాఫ్ట్‌వేరు వ్రాసిన బొమ్మంత నాణ్యంగా లేదన్న మాట నిజమే. ఇంటిలో చూచుకొనడానికి అది పెద్ద లోపం కాదు.

అసలు లోపం వేరొకటి ఉన్నది. సాఫ్ట్‌వేరు కొత్త ప్రమాణాన్ని నేర్చుకొనగలదు. సిలికానులో చెక్కిన వలయం నేర్చుకొనలేదు. ఇంటెల్ వారి 2015 నాటి స్కైలేక్ చిప్పులు హెచ్‌ఇవిసిని 8 బిట్ల లోతులో చదివి వ్రాయగలవు. 2016లో వచ్చిన 4కె బ్లూ-రే సినిమాల హెచ్‌ఇవిసి 10 బిట్లది. దానికి సంపూర్ణమైన వలయం తరువాతి కేబీ లేక్ తరంలో గాని రాలేదు. రెండు తరాల చిప్పులు వేగంలో దాదాపు సమానమే అయినా, సర్వరు పనిలో వాటికి ఎంతో అంతరం ఏర్పడినది.

ఇంటికి కొనేవారు మోసపోయేది ఇక్కడనే. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర ‘ఎఫ్’ అక్షరం గలవాటిలో గ్రాఫిక్స్ పనిచేయదు. దానితోపాటు క్విక్ సింక్ కూడ లేదు. ధర కొంత తగ్గును గాని ఈ పనికి కొరగాదు. పాత ఆఫీసు సర్వర్లు చౌకగా దొరకుతవి. వాటి ప్రాసెసర్లు బలమైనవే అయినా చాలావాటిలో ఈ వలయం ఉండదు. పైగా 100 వాట్లు రాత్రింబవళ్ళు కాలితే సంవత్సరానికి 876 యూనిట్లు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 అనే చిప్పు 6 వాట్ల తరగతికి చెందినది. దానిలో 10 బిట్ల హెచ్‌ఇవిసిని చదివి వ్రాసే వలయమున్నది. సామాన్య కుటుంబానికి ఇదే మేలైన ఎంపిక. మిగిలిన డబ్బు డిస్కులకు వెచ్చించడం మంచిది. రాస్‌బెర్రీ పై కథ మరీ విచిత్రం. నాలుగవ తరంలో ఉన్న హెచ్.264 వ్రాసే వలయాన్ని 2023 నాటి ఐదవ తరంలో తీసివేసినారు. కొత్తది కాబట్టి మేలైనదనుకొని ఈ పనికి కొన్నవారు నిరాశపడక తప్పదు.

పెద్ద సంస్థలు కూడ చివరికి ఈ దారికే వచ్చినవి. యూట్యూబుకై గూగుల్ స్వయంగా తిరగరాత చిప్పు తయారుచేయించి, 2021లో వివరాలు ప్రకటించినది. సాధారణ ప్రాసెసర్లతో పోల్చితే 20 నుండి 33 రెట్ల వరకు ప్రయోజనం చేకూరినదని ఆ సంస్థ చెప్పినది.

రాయితీలు చెల్లించనక్కరలేని ఏవీ1 అనే ప్రమాణం 2018లో వెలువడినది. దానిని వ్రాసే వలయం సామాన్యులు కొనే గ్రాఫిక్స్ కార్డులలోకి 2022లో వచ్చినది. ఇంటి సర్వరుకు ఏవీ1ను చదివే శక్తి ఉంటే చాలును. వ్రాసేటప్పుడు పాత టెలివిజనులకు కూడ తెలిసిన హెచ్.264 ఉన్నది గదా! 2020లో స్థిరపడిన హెచ్.266 ప్రమాణాన్ని చదివే వలయం 2024లో ఇంటెల్ వారి లూనార్ లేక్ చిప్పులో చేరినది. దానిలో హెచ్.266ను వ్రాసే వలయం లేదు.