క్లచ్ పెడల్ పోయింది, క్లచ్ ఆయిల్ పోలేదు

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ అనగానే అందరూ 2019 ఆగస్టులో బయటికొచ్చిన మొదటి సెల్టోస్ గురించే చెప్తారు. నన్నడిగితే చరిత్రలో రాసుకోవాల్సింది 2020లో అక్కడే తయారైన సోనెట్ ఐఎంటీ. గేర్లు మనమే మార్చాలి, కానీ క్లచ్ పెడల్ ఉండదు. (అప్పటికది అనంతపురం జిల్లాయే. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది.)

ఆలోచన మరీ కొత్తదేం కాదు లెండి. ఫోక్స్‌వాగన్ 1968 మోడల్ బీటిల్‌లోనే ఆటోస్టిక్ అని పెట్టింది. గేర్ రాడ్ మీద చెయ్యి పడగానే స్విచ్ కలిసి, ఇంజన్ వాక్యూమ్ క్లచ్‌ని విడదీసేది. మనకి మాత్రం 1950ల చివర మొదలై 2014 మే దాకా తయారైన అంబాసిడరే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని గొట్టంలోకి నెడుతుంది, ఆ వత్తిడికి అవతల స్లేవ్ సిలిండర్ క్లచ్‌ని విడదీస్తుంది.

ఆ ద్రవాన్ని క్లచ్ ఆయిల్ అంటాం గానీ అది ఆయిల్ కాదు, బ్రేకుల్లో పోసే గ్లైకాల్ ఈథర్ రకమే. పేరు చూసి ఇంజనాయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. పైగా అది గాల్లో తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తలో 205 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీళ్ళు చేరితే 140కే మరగొచ్చు. వానలే లేని అనంతపురంలో తేమేంటి అంటారా? కరువు సీమైనా ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో పడుతుంది, ఏళ్ళ తరబడి మార్చని ద్రవానికి అది చాలు. క్లచ్‌లో మరిగే భయం తక్కువే, అసలు భయం తుప్పు. సిలిండర్ గోడ గరుకైతే సీలు తెగి కారడం మొదలవుతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు.

గేరాయిల్‌ది ఇంకో గొడవ. పెద్ద నంబరు కదా అని జీఎల్-5 పోస్తే, అందులోని గంధకం రసాయనాలు కొన్ని పాత గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగుల్ని తినేస్తాయి. కారు పుస్తకంలో ఏది రాస్తే అదే పొయ్యాలి.

సరే, ఐఎంటీకి వద్దాం. గేర్ రాడ్ కదలికని సెన్సర్ పసిగడుతుంది, కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తుంది, మన కాలు బదులు ఓ యాక్చుయేటర్ ద్రవాన్ని నెడుతుంది. అంటే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ఇంటర్‌ఫేస్ మారింది, లోపలి కోడ్ పాతదే! కాకపోతే పాత కార్లో ద్రవం తగ్గితే ముందు కాలికే తెలిసేది. పెడల్ మెత్తబడేది, రెండుసార్లు తొక్కితేగానీ గేర్ పడేది కాదు. ఇప్పుడా కబురు కాలిదాకా రాదు.

ఇంకో పదేళ్ళకి ఈ కార్లు చేతులు మారి కదిరి, ధర్మవరం, హిందూపురం షెడ్లకొస్తాయి. పెడలే లేనప్పుడు క్లచ్ ఆయిల్ ఎందుకయ్యా అనే ఓనర్లతో మెకానిక్కులకి రోజూ వాదనే.